ఎనిమిది నెలల బిడ్డకు పడిశెం, పైగా పండ్లు వస్తున్నాయి: రాత్రిపూట ఎలా ఊరడించాలి?

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా బాబుకు ఎనిమిది నెలలు నిండి పది రోజులయింది. కింది చిగురులో రెండు పండ్లు ఏడో నెలలోనే వచ్చాయి. ఇప్పుడు పై చిగురు ఎర్రగా ఉబ్బింది, వేలితో తాకితే గట్టిగా తగులుతోంది. సరిగ్గా ఈ సమయంలోనే, నాలుగు రోజుల కిందట, పడిశెం పట్టుకుంది. పగలు ఎత్తుకొని తిప్పుతూ, ఏదో ఒకటి చూపిస్తూ గడుపుతున్నాము గానీ రాత్రి పన్నెండు దాటిన తరువాత అసలు కష్టం మొదలవుతుంది. ఆకలితో రొమ్ము అందుకుంటాడు, రెండు గుక్కలు తాగుతాడు, ముక్కు మూసుకుపోయి ఊపిరాడక వదిలేస్తాడు, మళ్ళీ అందుకోబోతే చిగురు నొప్పి పుట్టి గుక్కపట్టి ఏడుస్తాడు. ఏడ్చేకొద్దీ ముక్కు ఇంకా మూసుకుపోతుంది. నిన్న రాత్రి రెండున్నర నుండి నాలుగున్నర వరకు ఇదే జరిగింది.

నిన్న సాయంత్రం చంకలో థర్మామీటరు పెట్టి చూస్తే 99.6 డిగ్రీలు ఉంది. చొంగ విపరీతంగా కారుతోంది, కుడి చెవిని అప్పుడప్పుడు లాక్కుంటున్నాడు. మా అత్తమ్మ ఇదంతా పండ్ల వల్లనే అంటారు. మందుల దుకాణంలో అడిగితే చీటీ లేకుండానే పడిశానికి ఒక సిరప్, చిగుళ్ళకు రాయడానికి ఒక జెల్ ఇచ్చారు. ఆ రెండింటి మూతలు నేను ఇంకా తీయలేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి, ఇందులో ఎంత పండ్ల వల్ల, ఎంత పడిశెం వల్ల? ముందుగా దేనిని చూసుకోవాలి?


ప్రొద్దుటూరు జేజి

తల్లీ, నేను ముగ్గురు పిల్లలను, ఐదుగురు మనవలను చేతులారా పెంచినదాన్ని. పండ్లు వచ్చేటప్పుడు బిడ్డకు చెయ్యి వదలని మనిషి కావాలి. శుభ్రంగా కడుక్కున్న వేలితో చిగురును మెల్లగా ఒత్తుతూ ఉంటే ఎంతో హాయి పడతాడు, ఇది నా అనుభవం. మా కాలంలో వెండి చెంచాను కుండనీళ్ళలో ముంచి చిగురుకు ఆనించేవాళ్ళము, చల్లగా తగిలితే ఏడుపు ఆగేది.

ఇంకొక మాట కూడా చెప్పాలి, చెప్పడానికి మనసుకు కష్టంగానే ఉంది. నా రెండో మనవరాలికి ఆరో నెలలో ఇలాగే ముక్కు బిగదీసింది. నీళ్ళు పోసే ఆమె కాళ్ళ మీద వేసుకొని, అలవాటు ప్రకారం ముక్కులో రెండు చుక్కలు ఆముదం వేసింది. నేను పక్కనే ఉండి చూశాను, వద్దనలేదు, ఎందుకంటే నా పిల్లలందరికీ అలాగే వేశారు. ఆ రోజు పట్టిన దగ్గు వారాల తరబడి తగ్గలేదు. చివరికి నూనె ఊపిరితిత్తులలోకి దిగిందని డాక్టరుగారు చెప్పారు. బిడ్డ కోలుకుంది, ఇప్పుడు బడికి పోతోంది. అయినా ఆ దగ్గు నా చెవులలో ఇంకా ఉంది. అందుకే చెబుతున్నాను, మీ ఇంట్లో ఎవరు ఎంత ప్రేమతో చెప్పినా ముక్కులోకీ చెవిలోకీ నూనె పోయనివ్వవద్దు.

అరటిపండు, పెరుగు మాత్రం పడిశెం తగ్గేదాకా ఆపితే మంచిదని నా నమ్మకం, అవి చలువ చేస్తాయి.


అనంత నర్సమ్మ (అనంతపురం)

నేను ప్రభుత్వ ఆసుపత్రులలో పిల్లల వార్డులో ఎక్కువకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న స్టాఫ్ నర్సును. జేజిగారూ, మీరు ఆ ఆముదం సంగతి దాచకుండా చెప్పినందుకు నమస్కరిస్తున్నాను. వార్డులో మేము వంద సార్లు చెప్పినా ఎక్కని మాట ఒక పెద్దామె చెబితే ఎక్కుతుంది.

కర్నూలు అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది: ముందుగా ముక్కును చూసుకోండి, చిగురు తరువాత. ఎందుకంటే ఈ వయసు పిల్లలు దాదాపుగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తారు, పాలు తాగేటప్పుడైతే వేరే దారే లేదు. ముక్కు మూసుకుంటే పాలు తాగలేడు, పాలు తాగకపోతే ఆకలి, ఆకలితో ఏడుపు, ఏడుపుతో ఇంకా చీమిడి. మీరు చెప్పిన ఆ రెండు గంటల బాధలో చిగురు వాటా తక్కువ, ముక్కు వాటా ఎక్కువ.

మందుల దుకాణంలో 0.65 శాతం సోడియం క్లోరైడ్ ఉన్న సెలైన్ ముక్కు చుక్కలు దొరుకుతాయి. అది శుభ్రమైన ఉప్పునీరు మాత్రమే, మందు కాదు. పాలిచ్చే ముందు పది, పదిహేను నిమిషాలు ఉందనగా బాబును ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వాలేలా చేసి, ఒక్కొక్క ముక్కు రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వేయండి. చుక్కలు వేయగానే ఏడుస్తాడు, తుమ్ముతాడు. ఆ తుమ్ముతోనే సగం చీమిడి బయటికి వస్తుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగి మెత్తని నూలుగుడ్డతో తుడవండి. అప్పటికీ రాకపోతే చిన్న రబ్బరు పంపును బయటే నొక్కి పట్టుకొని, కొనను రంధ్రం అంచుకు ఆనించి, మెల్లగా వదలండి. లోపలికి దూర్చవద్దు. రోజుకు రెండు మూడు సార్లకు మించి పంపు వాడితే ముక్కు లోపలి పొర వాచి, అడ్డు ఇంకా పెరుగుతుంది. పంపును ప్రతిసారీ సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. పాలు ఒకేసారి కడుపునిండా పట్టాలని చూడకుండా, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు ఇవ్వండి.

జ్వరం విషయంలో ఒక తేడా గుర్తు పెట్టుకోండి. పండ్లు వచ్చేటప్పుడు ఒళ్ళు కొద్దిగా వెచ్చబడవచ్చు గానీ 100.4 డిగ్రీలు దాటిన జ్వరం పండ్ల వల్ల రాదు. తల్లి నుండి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు అందిన రక్షణ ఆరో నెల వచ్చేసరికి తరిగిపోతుంది. అప్పుడే పండ్లు మొదలవుతాయి, అప్పుడే పాకుతూ దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు. రోగాలు, పండ్లు ఒకే కాలంలో రావడంతో పండ్ల మీదనే నేరం పడింది. పడిశెం మాత్రం వైరస్ వల్ల వచ్చేదే, ఇంట్లో ఎవరో ఒకరి చేతుల నుండో తుమ్ము నుండో వచ్చి ఉంటుంది.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైనది. బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి తీసి, గడియారం పెట్టుకొని, పూర్తిగా ఒక నిమిషం పాటు ఊపిరి ఎన్నిసార్లు పీలుస్తున్నాడో లెక్కపెట్టండి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయవద్దు, పిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదు. రెండు నెలల నుండి ఏడాది లోపు పిల్లలకు నిమిషానికి 50 గానీ అంతకు మించి గానీ ఉంటే అది వేగమైన ఊపిరి. రెండు నెలల లోపు పసికందుకైతే 60, ఏడాది దాటి ఐదేళ్ళ లోపైతే 40. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతుంటే, మన భాషలో డొక్కలు ఎగరేస్తుంటే, తెల్లారేదాకా ఆగవద్దు. మూలుగుతున్నా, పెదవులు నీలంగా మారినా, పాలు అసలు పట్టకపోయినా, ఆరు ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, లేపినా మత్తుగా వాలిపోతున్నా అంతే. 108కు ఫోను చేసి మీ పెద్దాసుపత్రికి వెళ్ళండి.


నాపరాయి నాన్న (తాడిపత్రి)

మా పాపకు పదకొండు నెలలు. రాత్రి ఏడిస్తే ఎత్తుకొనే వంతు నాదే, ఎందుకంటే మా ఆమె పగలంతా ఒంటరిగా చూసుకుంటుంది. నేను చేసేది చెబుతాను. కుర్చీలో కొంచెం వెనక్కి వాలి కూర్చొని, పాపను నిటారుగా నా రొమ్ము మీద ఆనించుకొని, వీపు మీద అరచేతితో మెల్లగా తడతాను. నిలువుగా ఉన్నంతసేపు ముక్కు తేలికగా ఉంటుంది. పడుకోబెట్టగానే మళ్ళీ బిగుస్తుంది. అయితే నేను నిద్రపోతానన్న అనుమానం రాగానే పాపను తన పడకలో వెల్లకిలా, దిండు లేకుండా వేస్తాను, ఎందుకంటే కుర్చీలో ఒడిలో బిడ్డతో నిద్రపోవడం ప్రమాదమని మా టీకాల అక్క చెప్పింది. ముక్కు కోసం తల కింద దిండ్లు పెట్టడం కూడా వద్దంది.

నేను నాపరాయి పాలిష్ యూనిట్‌లో పని చేస్తాను. మా పాపకు నెలకు రెండుసార్లు ముక్కు కారేది. ఒకసారి డాక్టరుగారు నా చొక్కా చూసి, ఇంటికి పోయి ఇదే చొక్కాతో బిడ్డను ఎత్తుకుంటావా అని అడిగారు. ఆ రోజు నుండి బయటే బట్టలు మార్చి, తల తడిపి స్నానం చేసిన తరువాతే ఎత్తుకుంటున్నాను. పాప గేటు దగ్గరికి చేతులు చాచుకొని వస్తే ఆ పది నిమిషాలు ఆగడం చాలా కష్టం. కానీ ముక్కు కారడం నిజంగా తగ్గింది. మన ప్రాంతంలో గాలి పొడి, దుమ్ము ఎక్కువ. ఇంట్లో బీడీ, దోమల చుట్ట, స్నానం తరువాత సాంబ్రాణి పొగ కూడా ఉంటే బిడ్డ ముక్కుకు ఊరట ఎక్కడిది? రాత్రి గది కిటికీకి తడి గుడ్డ కడితే మాకు కొంత మేలు కనిపించింది.


మందుల బీరువా (కడప)

నేను ఇరవై ఏళ్ళుగా మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. అమ్మా, మీరు ఆ రెండు మూతలు తీయకపోవడం మంచిదయింది. దయచేసి తీయవద్దు.

పడిశెం సిరప్పుల గురించి: క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి పసిపిల్లలు చనిపోయిన తరువాత, 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దనీ ఇవ్వవద్దనీ రాష్ట్రాలకు తెలియజేసింది. కల్తీ లేని మందైనా సరే, ఆ వయసులో అది పడిశాన్ని ఒక్క రోజు కూడా ముందుగా తగ్గించదు. మత్తు, గుండెదడ మాత్రం తెచ్చిపెట్టగలదు. పడిశెం దానంతట అది ఏడు నుండి పది రోజులలో తగ్గుతుంది, దగ్గు రెండు మూడు వారాలు ఉండవచ్చు. మూడో రోజుకు చీమిడి పచ్చగా మారితే యాంటీబయాటిక్ కావాలని అనుకోవద్దు, వైరస్ పడిశంలో అది మామూలే.

చిగుళ్ళ జెల్ గురించి: తిమ్మిరెక్కించే బెంజోకెయిన్ ఉన్న జెల్‌లను రెండేళ్ళ లోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది, దాని వల్ల రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితి రావచ్చు. మన దగ్గర ఎక్కువగా దొరికే కోలిన్ సాలిసిలేట్ జెల్‌లు ఆస్పిరిన్ జాతికి చెందినవి, అవీ పిల్లలకు తగవు. అసలు ఇంత చొంగ కారే నోట్లో జెల్ ఎంతసేపు నిలుస్తుంది? నిమిషాలలో కడుపులోకి పోతుంది.

సెలైన్ చుక్కలు కొనేటప్పుడు సీసా మీది పేరు మాత్రమే చూడవద్దు, అందులో ఉన్నదేమిటో చదవండి. ఒకే పేరుతో, ఒకే రకమైన చిన్న సీసాలో ఉప్పునీటి చుక్కలూ ఉంటాయి, ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ వంటి ముక్కు తెరిపించే మందులూ ఉంటాయి. రెండోవి డాక్టరు చెప్పకుండా చంటిబిడ్డకు వేయకూడదు.

పారాసిటమాల్ విషయంలో జరిగే పొరపాటు నన్ను అన్నింటికన్నా భయపెడుతుంది. చుక్కల మందులో ఒక్క మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో ఐదు మి.లీ.కు 125 మి.గ్రా. ఉంటుంది, మరొక రకంలో 250 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌కు చెప్పిన ఐదు మి.లీ. అనే లెక్కను చుక్కల సీసాకు వాడితే బిడ్డకు ఒకేసారి 500 మి.గ్రా. పోతుంది, అది ఆ వయసు కాలేయానికి ప్రమాదం. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి, కిలోకు 10 నుండి 15 మి.గ్రా. వరకు ఉంటుంది. ఆరు గంటల ఎడం ఉండాలి, ఒక రోజులో నాలుగుసార్లకు మించకూడదు. బాబును తూకం వేయించి, మీ చేతిలో ఉన్న సీసాను డాక్టరుకు చూపించి, ఆ సీసాకు ఎన్ని మి.లీ. అని రాయించుకోండి. చిగురు నొప్పికీ ఇదే పనిచేస్తుంది, కాబట్టి రాత్రి బాగా బాధపడితే వేయవచ్చు. రోజూ నిద్ర కోసం మాత్రం వేయవద్దు.


తుంగభద్ర గట్టు (కర్నూలు)

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి చుక్కలు వేసి, పావుగంట తరువాత పాలు పట్టాను. మొదటిసారి సరిగా రాలేదు, నా చేతులు వణికాయి, సగం చుక్కలు బుగ్గ మీద పడ్డాయి. రెండోసారి తుమ్ముతో పాటు ఇంత చీమిడి వచ్చింది. తరువాత ఏడెనిమిది నిమిషాలు ఆగకుండా తాగాడు. నిద్రలో ఊపిరి లెక్కపెట్టాను, 38 వచ్చింది. నర్సమ్మగారూ, ఆ అంకె చూసిన తరువాత నాలుగు రోజులలో మొదటిసారి నేను కూడా నిద్రపోయాను.

కొన్ని ప్రశ్నలు మిగిలి ఉన్నాయి. అత్తమ్మ కర్పూరం కలిపి వెచ్చచేసిన కొబ్బరినూనె బాబు రొమ్ముకు రాద్దామంటున్నారు. కొంచెం తేనె నాకిద్దామనీ, ఆవిరి పడదామనీ అంటున్నారు. జేజిగారు చెప్పిన అరటిపండు సంగతి కూడా తెలుసుకోవాలి. చెవి లాక్కోవడం ఇంకా ఉంది.


పత్తిపొలం (ఆదోని)

ప్రశ్నలకు నర్సమ్మగారు జవాబు చెబుతారు, నేను ఊపిరి లెక్క గురించి మాత్రమే చెప్పడానికి వచ్చాను. పోయిన ఏడాది మార్గశిరంలో మా చిన్నవాడికి పది నెలలు. పడిశెం, చొంగ, ఏడుపు, కొంచెం జ్వరం, అన్నీ ఇలాగే. ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ నోరు తెరిచి చూసి, ఇదిగో పన్ను వస్తోంది, అన్నారు. నిజంగానే వస్తోంది కూడా. అందుకే మూడు రోజులు ఇంట్లోనే ఉంచాము. మూడో రోజు సాయంత్రం మా వీధి ఆశా కార్యకర్త వేరే పని మీద వచ్చి, ఉయ్యాలలో వాడిని చూసి, ఏమీ మాట్లాడకుండా చొక్కా పైకి తీసి లెక్కపెట్టింది. అరవై నాలుగు. డొక్కలు ఎగరేస్తున్నాడు, మేము దుప్పటి కప్పి ఉంచడం వల్ల మాకు కనిపించలేదు. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాము, న్యుమోనియా అన్నారు, ఆరు రోజులు ఆక్సిజన్, సూదులు. పన్ను ఆసుపత్రి మంచం మీదే బయటికి వచ్చింది.

అమ్మా, మీ బాబుకు 38 వచ్చింది, సంతోషం. రేపూ లెక్కపెట్టండి, ఎల్లుండీ లెక్కపెట్టండి. దుప్పటి తీసి చూడండి.


అనంత నర్సమ్మ (అనంతపురం)

ఆదోని అమ్మ చెప్పినదానికి నేను కలపవలసింది ఏమీ లేదు.

కర్పూరం వద్దు. అది చర్మం గుండా, వాసన గుండా కూడా లోపలికి పోతుంది, పొరపాటున కొంచెం మింగినా ఫిట్స్ రావచ్చు. కర్పూరం, మెంథాల్ కలిసిన లేపనాలూ రెండేళ్ళ లోపు పిల్లలకు పనికిరావు. అత్తమ్మగారికి రాయాలని ఉంటే ఉత్తి కొబ్బరినూనె రొమ్ముకు, కాళ్ళకు రాయనివ్వండి. ఆ చేతుల వెచ్చదనం బిడ్డకు మంచిదే, చొంగతో ఎర్రబడిన గడ్డానికి కూడా ఆ నూనె పలుచగా రాయవచ్చు. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు తాకించకూడదు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసిపిల్లల పేగులలో పెరిగి నరాలను పడగొట్టే విషాన్ని తయారుచేస్తాయి. వస కొమ్ము అరగదీసి నాకించడమూ వద్దు. మరుగుతున్న నీళ్ళ గిన్నె దగ్గరికి బిడ్డను తీసుకుపోవడం అసలే వద్దు. ఆవిరి పట్టబోయి గిన్నె ఒలికి కాలిన పిల్లలకు నా చేతులతో కట్లు కట్టాను.

జేజిగారూ, అరటిపండు మీద మీ మాటను కాదంటున్నందుకు ఏమీ అనుకోకండి. పడిశెం చలువ వల్ల వచ్చేది కాదు, కాబట్టి బాబుకు ఇదివరకే అలవాటైన అరటిపండును, పెరుగన్నాన్ని ఆపవలసిన పని లేదు. నిజానికి చిగురు నొప్పి ఉన్న బిడ్డకు వేడి వేడి రాగిజావ కన్నా బాగా చల్లారిన జావ, మెత్తగా పిసికిన పండు హాయిగా ఉంటాయి. మీరు చెప్పిన చల్లని చెంచా చాలా మంచి ఉపాయం. శుభ్రమైన గుడ్డను కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపి, ఫ్రిజ్‌లో కాసేపు ఉంచి, పెద్దవాళ్ళు పట్టుకొని నమలనిచ్చినా బాగుంటుంది. గడ్డకట్టించినది మాత్రం వద్దు, చిగురు కందిపోతుంది. కారెట్ ముక్క, జొన్నరొట్టె అంచు చేతికి ఇవ్వవద్దు, రెండు పండ్లతో కొరకగలడు గానీ నమలలేడు, గొంతుకు అడ్డం పడుతుంది. మెడలో పూసలదండ ఉంటే నిద్రపోయేటప్పుడు తీసేయండి.

చెవి విషయం: పండ్ల నొప్పికీ పిల్లలు చెవి లాక్కుంటారు, పడిశెం చెవికి పాకినా లాక్కుంటారు. జ్వరం 100.4 దాటినా, పడుకోబెట్టగానే ఏడుపు పెరిగినా, చెవి నుండి చీము కారినా, ఇదే తీరుగా రెండు రోజులకు మించినా చెవి చూపించాలి. మీరు నాలుగు రోజులుగా చూస్తున్నారు కాబట్టి, అవి ఏవీ లేకపోయినా రేపు ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించడమే మంచిదని నా అభిప్రాయం. అదే చేత్తో బరువూ, పారాసిటమాల్ మోతాదూ రాయించుకోవచ్చు.


ప్రొద్దుటూరు జేజి

ఏమీ అనుకోను తల్లీ. రేపటి నుండి మా చిన్న మనవడికి అరటిపండు పెడతాను.


తుంగభద్ర గట్టు (కర్నూలు)

ఐదు రోజుల తరువాత వ్రాస్తున్నాను. డాక్టరుగారు చెవి చూశారు, కొంచెం ఎర్రగా ఉంది గానీ చీము లేదు, రెండు రోజులు చూద్దామన్నారు, అది కూడా తగ్గింది. బరువు 8 కిలోలు, మా సీసాకు తగిన మోతాదు రాసిచ్చారు, రెండు రాత్రులు వేశాను. పై చిగురులో నిన్న ఉదయం తెల్లని అంచు కనిపించింది. చెంచా తగిలి టిక్కుమని చప్పుడు వస్తే అత్తమ్మే ముందుగా విన్నారు. ముక్కు ఇంకా కొంచెం కారుతోంది, పాలు మాత్రం పూర్తిగా తాగుతున్నాడు. ఊపిరి లెక్క ఇప్పుడు అత్తమ్మ చేస్తున్నారు, రాత్రి పడుకొనే ముందు గోడ గడియారం కింద కూర్చొని లెక్కపెడతారు.

చివరిగా ఒక సందేహం. మరో రెండు వారాలలో తొమ్మిది నెలలు నిండుతాయి, తట్టు టీకా వేయించాలి. అప్పటికీ ముక్కు కారుతుంటే వాయిదా వేయాలా?


అనంత నర్సమ్మ (అనంతపురం)

వద్దు. ఉత్త పడిశెం టీకాకు అడ్డు కాదు. తొమ్మిదో నెల నిండగానే తట్టు, రుబెల్లా టీకాతో పాటు న్యుమోనియాను అడ్డుకొనే పీసీవీ బూస్టరు, ఎ విటమిన్ మొదటి మోతాదు కూడా ఉంటాయి. కార్డు తీసుకొని వెళ్ళండి. ఆ రోజు జ్వరం బాగా ఉంటే మాత్రం ఏఎన్‌ఎంకు ముందే చెప్పండి.